ఎంత చలో చెప్పారు సరే... ఏం చేశారో చెప్పండి!

జనవరి వచ్చిందంటే మన బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఓ పోటీ మొదలవుతుంది. భోగి మంటల ఫొటోలు, ముగ్గుల ఫొటోల మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ తెరను ఫొటో తీసి పెడతారు: 'ఇవాళ మా దగ్గర మైనస్ 18'. టొరంటోలో ఉన్న పెద్దమ్మ కొడుకు 'అంతేనా, మాకు మైనస్ 24' అంటాడు. డల్లాస్ వాళ్లు నీళ్లు గడ్డకట్టకముందే దుప్పట్లో దూరిన ఫొటో పంపుతారు. దుబాయ్ నుంచి బీచ్ ఫొటో వస్తుంది. ఊళ్లో ఉన్న బాబాయి 'ఇక్కడ కూడా మంచు దట్టంగానే ఉందిరా, ఎనిమిదైనా పాలబ్బాయి రాలేదు' అని తన వంతు కలుపుతాడు.

నేను మిన్నెసోటాలో ఉండేది మినియాపొలిస్ శివారులో. కాబట్టి ఈ పోటీలో నాకు కష్టపడకుండానే గెలుపు. మా రాష్ట్రంలో టవర్ అనే చిన్న ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదైంది. అంటే సెల్సియస్‌లో మైనస్ 51. ఫారెన్‌హీటా, సెల్సియసా అన్న గొడవ ప్రతి ఏడాదీ ఉంటుంది. మైనస్ 40 దగ్గర మాత్రం రెండు కొలతలూ ఒకటే అంకె చూపిస్తాయి. అక్కడ ఎవరికీ తగాదా ఉండదు.

శివరాత్రికి చలి 'శివ శివా' అంటూ పోతుందని మన పెద్దల మాట. ఇక్కడ శివరాత్రి జాగరణ అయ్యాక గుడి పార్కింగ్‌లో కారు మీద మంచు గీక్కుని ఇంటికి వెళ్లాలి. మాఘ మాసానికి మాకులు వణుకుతాయన్న సామెత మాత్రం అక్షరాలా నిజం. బాగా చలి పట్టిన రాత్రుళ్లు చెట్లు టప్పుమని చప్పుడు చేస్తాయి. లోపలి తేమ గడ్డకట్టి కాండం చిట్లే శబ్దం అది.

ఇలాంటి కబుర్లు చెప్పుకోవడం సరదాగానే ఉంటుంది. కానీ ఇన్నేళ్లుగా వింటున్న ఈ కథల్లో అంకె కంటే పనికొచ్చేది మరొకటి ఉంది. 'ఎంత చలి?' అని అడిగితే పోటీ మాత్రమే మిగులుతుంది. 'అప్పుడు మీరేం చేశారు?' అని అడిగితే మరొకరి ప్రాణానికి అక్కరకొచ్చే విషయం బయటికొస్తుంది. నాకు తెలిసిన కొన్ని కథలు చెబుతాను, చూడండి.

మైనస్ 33లో ఏమీ జరగలేదు

2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో మైనస్ 33. గాలితో కలిపి ఒంటికి తెలిసే చలి మైనస్ 50 ఫారెన్‌హీట్ దాటింది. బడులు మూసేశారు. వానైనా ఎండైనా ఆగదని పేరున్న పోస్టల్ శాఖే ఆ రోజు ఇక్కడ ఉత్తరాల బట్వాడా ఆపేసింది. ఊరి నుంచి నాన్న గాభరాగా ఫోన్ చేశారు. ఆ సమయానికి మేం ఇంట్లో చొక్కాలతో కూర్చుని పకోడీలు తింటున్నాం.

మాలో వీరులెవరూ లేరు. ఊరే ఆ చలి కోసం కట్టిన ఊరు. ఇక్కడ ఇళ్లకొచ్చే నీటి గొట్టాలు నేలలో ఏడెనిమిది అడుగుల లోతున ఉంటాయి. ఇంటి లోపల గొట్టాలను బయటి గోడల్లోంచి కాకుండా లోపలి గోడల్లోంచి తీసుకెళతారు. మినియాపొలిస్ నడిబొడ్డున భవనాల మధ్య రెండో అంతస్తులో అద్దాల నడవాలు ఉన్నాయి. 1962లో మొదలుపెట్టిన ఈ స్కైవేలు ఇప్పుడు సుమారు 80 బ్లాకులను కలుపుతూ తొమ్మిదిన్నర మైళ్లు సాగుతాయి. కోటు లేకుండానే ఆఫీసు నుంచి హోటలుకూ, అక్కడి నుంచి బ్యాంకుకూ వెళ్లి రావచ్చు. కరెంటు ప్లగ్ పెట్టి కారు ఇంజిన్‌ను రాత్రంతా వెచ్చగా ఉంచే హీటర్లు కూడా ఉంటాయి.

కట్టడాలు సగమైతే మిగతా సగం మనుషుల దగ్గర ఉంటుంది. నేను ఇల్లు కొన్న మొదటి శీతాకాలంలో పక్కింటి పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, ఒక సాయంత్రం వచ్చి కూర్చుని 1991 అక్టోబర్ 31న మొదలైన మంచు తుపాను కథ చెప్పారు. ఆ హాలోవీన్ తుపానులో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో 28.4 అంగుళాల మంచు పడింది. ఇక్కడ పుట్టినవాళ్లను ఎవరిని కదిపినా ఆ కథ చెబుతారు. అయితే పెద్దాయన చెప్పిన కథలో మధ్యమధ్య సూచనలు ఉన్నాయి. కారు మంచులో కూరుకుపోతే దిగి నడవకు, కార్లోనే ఉండు. పొగ గొట్టం చుట్టూ ఉన్న మంచు తీసేశాకే ఇంజిన్ వేయి. గంటకు పది నిమిషాలు వేస్తే చాలు. డిక్కీలో దుప్పటి, పార, టార్చిలైటు, తినడానికేదైనా పెట్టుకో. ఇంటి లోపల బొగ్గులు మాత్రం ఎప్పుడూ కాల్చకు. ఆయన చివరి మాటను రెండుసార్లు చెప్పారు. ఆ మాట రెండేళ్ల తర్వాత టెక్సాస్‌లో పనికొచ్చింది.

మైనస్ 19లో వందల ప్రాణాలు

2021 ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో మైనస్ 19. మాకు మామూలు జనవరి ఉదయం. కానీ టెక్సాస్‌లో ఆ వారం 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. గ్యాస్ బావుల దగ్గర, విద్యుత్ కేంద్రాల్లో పరికరాలు గడ్డకట్టాయి. టెక్సాస్ గ్రిడ్ చాలావరకు విడిగా ఉంటుంది కాబట్టి పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగిన కరెంటు కొద్దిగానే. అక్కడి ఇళ్లలో నీటి గొట్టాలు చాలావరకు అటక మీదుగానో, బయటి గోడల్లోంచో వెళతాయి. అవి పగిలి, పైకప్పుల నుంచి నీళ్లు ధారలు కట్టాయి.

మా తమ్ముడు ఉండేది డల్లాస్ పక్కనే. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున వాళ్లింట్లో కరెంటు పోయింది. సాయంత్రానికి ఇంట్లో 42 ఫారెన్‌హీట్. ఇద్దరు చిన్నపిల్లలు, కోవిడ్ వల్ల తిరుగు ప్రయాణం ఆగిపోయిన అత్తగారు. ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. పెరట్లో బార్బెక్యూ పొయ్యి ఉంది, బొగ్గుల సంచీ ఉంది. కుంపటిలా రాజేసి హాల్లో పెడితే పిల్లలకు వెచ్చగా ఉంటుంది కదా అన్నారు. ఆవిడ అనుభవంలో అది తప్పు కాదు. వాళ్ల ఊళ్లో పెంకుటిల్లు, సందుల్లోంచి పొగ పోతుంది, గాలి వస్తుంది. బాలింతల గదిలో కుంపటి పెట్టడం తరతరాల అలవాటు. కానీ అమెరికా ఇంటికి గాలి దూరే సందులు తక్కువ. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు. తలనొప్పి, మగత వస్తాయి. నిద్రలోకి జారుకున్నవాళ్లు లేవరు.

ఫోన్ చార్జింగ్ అయిపోయేలోగా తమ్ముడు నాకు ఫోన్ చేసింది నిజానికి గొట్టాల గురించి అడగడానికి. మాటల్లో కుంపటి సంగతి వచ్చింది. పక్కింటి పెద్దాయన మాటను అలాగే అప్పజెప్పాను. 'బొగ్గులు లోపలికి తేవద్దు. గ్యారేజీలో కారు వేసి కూర్చోవద్దు. గ్యాస్ స్టవ్ వెలిగించి చలి కాచుకోవద్దు. అందరూ ఒకే చిన్న గదిలోకి వెళ్లండి. తలుపు కింద తువ్వాలు పెట్టండి. కిటికీకి దుప్పటి కట్టండి. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టండి. కొళాయిలు సన్నగా కారనివ్వండి. నీళ్లు రావడం ఆగిపోతే మెయిన్ వాల్వ్ కట్టేయండి.' అత్తగారు ఫోన్ తీసుకుని 'కుంపటి కూడా పెట్టుకోనివ్వని దేశం ఏం దేశం నాయనా' అన్నారు. కానీ పెట్టలేదు. మూడో రోజు కరెంటు వచ్చింది.

ఆ వారం టెక్సాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఆసుపత్రులకు వెళ్లినవాళ్లు వెయ్యి మందికి పైగానే. లోపలికి తెచ్చుకున్న బొగ్గుల పొయ్యిలు, గ్యారేజీలో నడిచిన కార్లు, జనరేటర్లు అందుకు కారణం. వాళ్లలో చాలామందికి ఆ ముందు రోజు వరకు ఈ సంగతి చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించి ఉండదు.

తోలు తీసి పక్కన పెట్టలేం కదా

హాస్టల్లో నాతో చదివిన జగిత్యాల మిత్రుడు అబుదాబిలో సైట్ ఇంజినీరు. మా మంచు ఫొటోలు చూసినప్పుడల్లా అతను అనే మాట ఒకటుంది. 'నీ చలికి ఇంకో బట్ట కప్పుకుంటె అయితది. మా ఎండకు తోలు తీసి పక్కన పెట్టలేం గద అన్నా.'

ఆ మాటలో శాస్త్రం ఉంది. ఒళ్లు చల్లబడేది చెమట ఆరడం వల్ల. గల్ఫ్ తీరంలో ఎండకు ఉక్కపోత తోడైతే చెమట ఆరదు, కారిపోతుంది. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 సెల్సియస్ నమోదైంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే కొత్తవాళ్లు 'మాకు ఎండ కొత్తనా' అంటారట. అతను వాళ్లకు చెప్పేది ఇదీ: 'మొదటి రెండు వారాలు ఒంటికి అలవాటు కావాలె. అప్పటిదాకా పని తగ్గించుకో. దాహం కాకముందే నీళ్లు తాగు. మూత్రం రంగు చూసుకో. పక్కోడు తిక్కతిక్కగ మాట్లాడితె నవ్వకు, నీడకు తీసుకపో.' చివరిది నేను మర్చిపోలేను. మాట తడబడటం వడదెబ్బ ముదిరిందనడానికి గుర్తు. మా దగ్గర ఒళ్లు చల్లబడిపోతున్న మనిషిలోనూ అదే గుర్తు కనిపిస్తుంది. వేడికీ చలికీ ముందు దెబ్బతినేది మెదడే.

అదే దేశంలో 2024 ఏప్రిల్ 16న వాన పడింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు తిరగకుండానే 254.8 మిల్లీమీటర్లు. అక్కడ 1949లో రికార్డులు మొదలయ్యాక అంత వాన లేదు. ఎండ కోసం కట్టిన ఊళ్లలో నీళ్లు పోయే దారి తక్కువ. దుబాయ్ రోడ్ల మీద కార్లు తేలాయి. మా మిత్రుడి సైట్‌లో ఆ రోజు అందరూ సలహా అడిగింది శ్రీకాకుళం కుర్రాడిని. తుపాన్లు చూసి పెరిగినవాడు. 'నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో తెలియదు, బండి దించొద్దు. కరెంటు స్తంభాల వైపు పోవద్దు. ఈ రాత్రికి ఇక్కడే పడుకుందాం' అన్నాడట. నలభై మంది సైట్ ఆఫీసులోనే పడుకున్నారు.

పల్నాడు నుంచి ఇంగ్లండుకు

మాది మాచర్ల దగ్గర. పక్కనే రెంటచింతల. ఎండాకాలం వార్తల్లో ఆ పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది మాకు సామెతలా అనిపించదు, వాతావరణ సమాచారంలా వినిపిస్తుంది.

2022 జులై 19న ఇంగ్లండులోని కోనింగ్స్‌బీలో 40.3 సెల్సియస్ నమోదైంది. బ్రిటన్‌లో 40 దాటడం అదే మొదటిసారి. రెంటచింతలలో 40 అంటే 'ఇవాళ కాస్త నయం' అంటారు. కానీ అక్కడి ఇళ్లు వేడిని లోపల పట్టి ఉంచడానికి కట్టినవి. ఫ్యాన్లు ఉండవు, ఏసీ ఉన్న ఇల్లు అరుదు. రెడింగ్‌లో ఉండే మా మేనకోడలు ఎనిమిదో నెల గర్భిణి. ఉక్కగా ఉందని పొద్దున్నుంచీ కిటికీలన్నీ తీసి పెట్టింది.

మా అమ్మ వీడియో కాల్‌లో అది చూసింది. 'బయట నిప్పులు కురుస్తుంటే కిటికీలు తీస్తారటే తల్లీ! పొద్దెక్కకముందే మూసెయ్. ఎండ పడే వైపు దుప్పటి కట్టు. పొద్దుగూకి బయట చల్లబడ్డాక అన్నీ బార్లా తెరువు. మేడ మీద గదిలో పడుకోకు, కింద చాప వేసుకో. మజ్జిగలో ఉప్పేసి గంటగంటకూ తాగు' అంది. ఇంగ్లండు ఆరోగ్య అధికారులు ఆ వారం టీవీలో చెప్పిన దాంట్లోనూ సగం ఇదే. పగలు తెరలు వేసుకోండి, చల్లబడ్డాక కిటికీలు తీయండి అని. మేనకోడలు వాళ్లింటి పక్క ముసలి దంపతులకూ మజ్జిగ చేసి ఇచ్చిందట. మేం మిన్నెసోటాలో నేర్చుకున్నది టెక్సాస్ వెళ్లినట్టే, అమ్మ పల్నాడులో నేర్చుకున్నది ఇంగ్లండు వెళ్లింది.

ఎండను తేలిగ్గా తీసుకోకూడదని మన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అంత ఎండకు అలవాటుపడ్డ నేల మీదే. అలవాటు ఉన్నా జాగ్రత్త లేకపోతే, నీడ దొరకని పని అయితే, ఎక్కడైనా ప్రమాదమే.

కథలు దాచుకున్నవాళ్లు

ఇలా చెప్పుకోవడం కొత్తేమీ కాదు. 1888 జనవరి 12న డకోటా, నెబ్రాస్కా, మిన్నెసోటా మైదానాల మీద ఒక మంచు తుపాను విరుచుకుపడింది. ఆ రోజు ఉదయం ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉంది. పిల్లలు పల్చటి బట్టలతో బడికి వెళ్లారు, పెద్దలు పొలాలకు వెళ్లారు. కాసేపట్లోనే చెయ్యి చాచితే వేళ్లు కనపడనంత మంచు కమ్మేసింది. సుమారు 235 మంది చనిపోయారని అంచనా. బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలు ఎందరో ఉండటంతో దానికి 'పిల్లల మంచు తుపాను' అని పేరు పడింది. బతికి బయటపడ్డవాళ్లు 1940లలో నెబ్రాస్కాలో ఒక సంఘంగా చేరి, ఎవరి కథ వారు చెప్పుకుని, 1947లో వాటిని పుస్తకంగా వేశారు. ఇవాళ మేం పొద్దున ఎండ కాసినా పిల్లల సంచీలో టోపీ, గ్లవ్స్ పెట్టి పంపేది ఆ రోజు నుంచి వచ్చిన పాఠంతోనే.

మన దగ్గర ఇంకా క్లుప్తంగా చెప్పారు. విశాఖ మన్యంలో చింతపల్లి దగ్గరి లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందని చెబుతారు. ఊరి పేరులోనే హెచ్చరిక పెట్టేశారు.

ఫొటోలో కనపడనిది

ఇప్పుడు మనం పంపుకునే ఫొటోల్లో ఆ హెచ్చరిక జారిపోతోంది. గడ్డకట్టిన సరస్సు మీద నిలబెట్టిన కార్ల ఫొటో మా మిన్నెసోటా వాళ్లకు గర్వం. మంచుకు చిల్లు పెట్టి, మందం కొలిచాకే దాని మీద అడుగు పెడతారని ఫొటోలో కనపడదు. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి, పారదర్శకమైన మంచు ఉండాలని ఇక్కడి సహజ వనరుల శాఖ చెబుతుంది. 2022 డిసెంబర్‌లో అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద మంచు విరిగి ముగ్గురు భారతీయులు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచి మా ఇంట్లో సరస్సు ఫొటో పంపితే కింద '4 అంగుళాలు' అని రాస్తాం.

వేడినీళ్లు గాల్లోకి విసిరితే ఆవిరి మేఘంలా మారే వీడియో కూడా అంతే. 2019 చలిలో ఆ ఆట ఆడి, నీళ్లు మీద పడి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు షికాగో ప్రాంతంలో ఉన్నారు.

జనవరి సెమిస్టర్‌కు మన పిల్లలు వందల మంది ఈ దేశంలో దిగుతున్నారు. హైదరాబాద్‌లో కొన్న జాకెట్, కాన్వాస్ బూట్లతో మైనస్ 20లోకి నడిచి వస్తారు. పిల్లల్ని చూడటానికి అమ్మానాన్నలు వస్తారు. ఉద్యోగం మారి హ్యూస్టన్ వాళ్లు బఫెలో వెళతారు, బఫెలో వాళ్లు ఫీనిక్స్ వెళతారు. ఇన్నిచోట్లకు తిరిగే మనం దాదాపు ప్రతిచోటా కొత్తవాళ్లమే. కట్టిన ఊరు కొంత కాపాడుతుంది, మిగతాది ముందొచ్చినవాళ్లు చెప్పాలి.

అందుకే మా గ్రూపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా అంకె పెడితే దాని కింద 'ఏం చేశాం' అని ఒక వాక్యం రాయాలి. ఈ మూడేళ్లలో పోగైన వాక్యాలను నా భార్య ఒకచోట చేర్చి రాసింది. అందులో కొన్ని:

వేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే రుద్దవద్దు, మంట దగ్గర పెట్టవద్దు. గోరువెచ్చని నీళ్లలో ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒక మందపాటి కోటు కంటే మూడు పల్చటి పొరలు నయం, ఒంటిని తాకే పొర నూలుది కాకూడదు. చెమటకు తడిస్తే నూలు ఆరదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ దీపావళికి ఒకసారి, ఉగాదికి ఒకసారి చూడాలి. అమ్మానాన్నల బీపీ, షుగర్ మందులు రెండు వారాలకు సరిపడా ఇంట్లో ఉండాలి. వాళ్లు ఒంటరిగా వాకింగ్‌కు వెళితే జేబులో ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి.

మొన్న జనవరిలో మా చెల్లెలి కొడుకు చదువుకోసం నార్త్ డకోటాలో దిగాడు. విమానం ఎక్కేముందే ఆ జాబితా వాడికి వెళ్లింది. రెండో వారంలో గ్రూపులో వాడి మెసేజ్: 'మైనస్ 31. బస్సు ఇరవై నిమిషాలు లేటు. స్టాప్‌లో నిలబడకుండా పక్కనున్న లైబ్రరీలో కూర్చుని కిటికీలోంచి చూశా మామయ్యా. నాతోపాటు గుంటూరు అబ్బాయి ఒకడు ఉన్నాడు, వాడికి గ్లవ్స్ లేవు. నా రెండో జత ఇచ్చా.' దాని కింద జగిత్యాల మిత్రుడికి నేను పంపిన స్క్రీన్‌షాట్‌కు అతని జవాబు: 'పోరడు హుషారే. ఎండాకాలం మా దగ్గరికి పంపు.'